ఉపగ్రహ పటంలో పొగమంచు, నేల మీద మామూలు మబ్బు: తేడా ఎలా తేల్చాలి?

ఉదయరేఖ

సభ్యులందరికీ నమస్కారం. భూస్థిర ఉపగ్రహం పంపే పరారుణ సమాచారంతో రాత్రివేళ పొగమంచు పటాలు తయారు చేస్తున్నాను. అందరూ వాడే పద్ధతే నాదీ. 10.8 మైక్రోమీటర్ల ఛానల్ చూపే ఉష్ణోగ్రతలోంచి 3.9 మైక్రోమీటర్ల ఛానల్ చూపే ఉష్ణోగ్రతను తీసివేసి, తేడా 2 కెల్విన్‌లు దాటిన ప్రతి పిక్సెల్‌కూ పొగమంచు రంగు వేస్తున్నాను.

ఈ పటాలను విమానాశ్రయాల మెటార్ (నేల మీది వాతావరణ పరిశీలన) నివేదికలతో పోల్చినప్పుడు మూడు రకాల తేడాలు పదే పదే కనిపిస్తున్నాయి. కొన్ని చోట్ల పటం దట్టమైన పొగమంచు చూపుతుంది గాని, నేల మీద దృశ్యమానత (ఎంత దూరం వరకు కనిపిస్తుందన్నది) 5 కిలోమీటర్లకు పైనే ఉంటుంది; నివేదికలో తక్కువ ఎత్తు మబ్బు మాత్రమే నమోదై ఉంటుంది. మరికొన్ని చోట్ల నేల మీద 200 మీటర్ల అవతల ఏమీ కనిపించడం లేదని నివేదిక చెబుతుంటే పటం ఖాళీగా ఉంటుంది. ఇక మూడవది, సూర్యోదయం కాగానే పటంలోని పొగమంచు మొత్తం కొద్ది నిమిషాల్లో మాయమవుతుంది, నేల మీద మాత్రం అది ఇంకా చిక్కబడుతూనే ఉంటుంది.

వీటిలో ఏవి హద్దు విలువను సరిచేస్తే పోతాయి, ఏవి పద్ధతి స్వభావంలోనే ఉన్నాయి? ఉందో లేదో చెప్పడంతో ఆగకుండా పొగమంచు మందాన్ని, దృశ్యమానతను కూడా ఉపగ్రహం నుంచి కొలవడం ఎంతవరకు సాధ్యం?

పరారుణం

ఉదయరేఖ గారూ, మీ మూడు తేడాలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. హద్దు విలువను ఎంత సవరించినా వాటిలో ఒక్కటీ పూర్తిగా పోదు. కారణాలను విడివిడిగా చూడాలంటే ముందు ఆ 2 కెల్విన్‌ల తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి.

పొగమంచు బిందువుల వ్యాసం సాధారణంగా కొన్ని మైక్రోమీటర్ల నుంచి ఇరవై ముప్ఫై మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. 10.8 మైక్రోమీటర్ల దగ్గర నీరు పరారుణాన్ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి తగినంత మందమున్న పొగమంచు దాదాపు పరిపూర్ణ కృష్ణవస్తువులాగే వికిరణం చేస్తుంది, అంటే దాని ఉద్గారత (అదే ఉష్ణోగ్రత ఉన్న కృష్ణవస్తువుతో పోలిస్తే అది వెలువరించే వికిరణం వాటా) 1కి చాలా దగ్గరగా ఉంటుంది. 3.9 మైక్రోమీటర్ల దగ్గర అవే బిందువులు పీల్చుకోవడం తగ్గి, చెదరగొట్టడం పెరుగుతుంది. ఉద్గారత 0.8 నుంచి 0.9 మధ్యకు దిగుతుంది. ఈ తేడాను సిద్ధాంతపరంగా చూపినది 1973లో హంట్ చేసిన గణన. దాని ఆధారంగా 1984లో ఐర్, బ్రౌన్స్‌కూంబ్, అల్లమ్ అనే ముగ్గురు అమెరికా ధ్రువకక్ష్య ఉపగ్రహాల ఏవీహెచ్ఆర్ఆర్ పరికరం చిత్రాల్లో రాత్రిపూట పొగమంచును వేరుచేసి చూపారు. నేడు భూస్థిర ఉపగ్రహాలతో రోజూ జరుగుతున్న పని అంతా ఆ దారిలోనిదే.

సంఖ్యల్లో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఉపరితలం 280 కెల్విన్‌ల దగ్గర ఉన్నప్పుడు 3.9 మైక్రోమీటర్ల వికిరణం ఒక్కో కెల్విన్‌కు సుమారు 4.7 శాతం మారుతుంది. ఉద్గారత 0.85 అయితే వికిరణం 15 శాతం తగ్గుతుంది, ఆ తగ్గుదలను ఉష్ణోగ్రతగా మారిస్తే దాదాపు మూడున్నర కెల్విన్‌లు. ఉద్గారత 0.9 అయితే తేడా రెండు కెల్విన్‌లకు కొంచెం పైన ఆగిపోతుంది. మీరు పెట్టుకున్న 2 కెల్విన్‌ల హద్దు ఎంత ఇరుకుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా ఈ హద్దు ఒక ఉపగ్రహం నుంచి మరో ఉపగ్రహానికి మారుతుంది. ఉదాహరణకు యూరప్ రెండవ తరం మీటియోశాట్‌లలోని సెవిరి పరికరంలో 3.9 ఛానల్ వెడల్పు ఎక్కువ. అందువల్ల పక్కనే ఉన్న బొగ్గుపులుసు వాయువు శోషణ పట్టీ కొంత దానిలోకి వచ్చి, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా ఆ ఛానల్ ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. వేరే ఉపగ్రహానికి రాసిన హద్దును అక్కడ పెడితే పొగమంచు లేని నేల కూడా పొగమంచులా కనిపిస్తుంది.

సూర్యోదయపు సమస్య ఈ పద్ధతితో తప్పించుకోలేనిది. 3.9 మైక్రోమీటర్ల దగ్గర భూమి వికిరణానికి సూర్యకాంతి ప్రతిఫలనం కూడా తోడవుతుంది. చిన్న బిందువులు ఆ కాంతిని బాగా ప్రతిఫలిస్తాయి కాబట్టి, సూర్యుడు క్షితిజం మీదికి రాగానే 3.9 ఛానల్ ఉష్ణోగ్రత పెరగడం మొదలై, తేడా సున్నాకు చేరి, ఆపై గుర్తు మారిపోతుంది. సున్నా దాటే ఆ కాసేపు పొగమంచుకూ నేలకూ ఈ పద్ధతిలో భేదమే ఉండదు. దురదృష్టవశాత్తు వికిరణ పొగమంచు (రాత్రి నేల చల్లబడటం వల్ల పుట్టేది) అత్యంత చిక్కగా ఉండే వేళ కూడా చాలాసార్లు అదే.

నేలకేంద్రం

నేను విమానాశ్రయ పరిశీలనల వైపు నుంచి చెబుతాను. పరారుణం గారు వివరించిన భౌతికశాస్త్రంతో నాకు పేచీ లేదు. కానీ ఉదయరేఖ గారి మొదటి రెండు తేడాలను ఉపగ్రహం పొరపాట్లుగా లెక్కించే ముందు, మీరు పోల్చుతున్న రెండు కొలతలూ ఒకే వస్తువును చూస్తున్నాయా అన్నది ఆలోచించాలి.

దృశ్యమానత 1000 మీటర్ల కంటే తగ్గితేనే దాన్ని పొగమంచుగా నమోదు చేస్తాము. ఈ నిర్వచనం పూర్తిగా నేల దగ్గర నిలబడిన మనిషి కంటికి సంబంధించినది. ఉపగ్రహం చూసేది పొర పైభాగాన్ని. పొర అడుగు నేలను తాకుతోందా, నేలకు 150 మీటర్ల పైన ఆగిందా అన్నది పైనుంచి చూసే పరారుణ చిత్రంలో ఉండదు. రన్‌వే మీద ఉన్నవారికి మాత్రం ఆ 150 మీటర్లే సర్వస్వం. కాబట్టి మీ మొదటి తేడాలో పటం తప్పు చెప్పలేదు. అది నీటి బిందువులతో నిండిన తక్కువ ఎత్తు పొరను సరిగానే పట్టుకుంది. దానికి పొగమంచు అని పేరు పెట్టడం దగ్గరే సమస్య వచ్చింది. జాగ్రత్తగా పనిచేసే సంస్థలు తమ పటాల మీద 'పొగమంచు లేదా తక్కువ ఎత్తు స్ట్రాటస్ (పరుపులా పరుచుకునే మబ్బు)' అని రెండూ కలిపి రాసేది ఇందుకే.

రెండవ తేడాకు కూడా నేల వైపు నుంచి ఒక వివరణ ఉంది. గాలి కదలని రాత్రుల్లో నేలను అంటుకొని పలుచని పొర ఏర్పడుతుంది. కంట్రోల్ టవర్ మీద నుంచి చూస్తే రన్‌వే రెండవ చివరి దీపాలు స్పష్టంగా కనిపిస్తాయి, దీపస్తంభాల తలలు పొర పైకి తేలి ఉంటాయి. కింద రన్‌వే అంచున ఉన్న కొలత పరికరం మాత్రం 200 మీటర్లు చూపుతుంది. అంత పలుచని పొర గుండా నేల వికిరణం చాలావరకు పైకి వచ్చేస్తుంది. ఉపగ్రహానికి అక్కడ దాదాపు నేలే కనిపిస్తుంది.

విస్తీర్ణం సంగతి కూడా చూడండి. మీ పిక్సెల్ 4 కిలోమీటర్లది అయితే అది 16 చదరపు కిలోమీటర్ల సగటు. మా ట్రాన్స్‌మిసోమీటర్ (రన్‌వే అంచున దృశ్యమానత కొలిచే పరికరం) కొలిచే కాంతిమార్గం పొడవు కొన్ని పదుల మీటర్లు. నది ఒడ్డునో పల్లంలోనో చీలికగా పట్టిన పొగమంచు ఆ సగటులో కలిసి కనబడకుండా పోతుంది.

ఉదయరేఖ

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి తేడా వచ్చిన చోట్ల సీలోమీటర్ (మబ్బు అడుగు ఎత్తు కొలిచే పరికరం) కొలతలు తీసి చూశాను. చాలా సందర్భాల్లో మబ్బు అడుగు 100 నుంచి 300 మీటర్ల మధ్య ఉంది. అంటే నేలకేంద్రం గారు చెప్పిన పరిస్థితే. అలాంటప్పుడు పొర అడుగు ఎత్తును ఏదో ఒక విధంగా అంచనా వేయగలిగితే మొదటి సమస్య తీరుతుంది కదా. పైభాగం ఎత్తు, మందం తెలిస్తే అడుగు ఎత్తు వచ్చేస్తుందని చదివాను. ఆచరణలో అది ఎంత నమ్మదగినది?

బిందుమానం

మందం లెక్క గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఈ అంశంలో చాలామంది సూత్రాన్ని మాత్రమే చెప్పి దాని వెనుక ఉన్న ఊహలను వదిలేస్తారు.

పగటిపూట పొర మీద పడి తిరిగివచ్చే సూర్యకాంతిని రెండు రకాల తరంగదైర్ఘ్యాల్లో కొలుస్తారు. 0.6 మైక్రోమీటర్ల దగ్గర నీరు కాంతిని పీల్చుకోదు కాబట్టి అక్కడి ప్రకాశం పొర ఆప్టికల్ మందాన్ని (పొర కాంతిని ఎంతగా అడ్డుకుంటుందన్నదాన్ని) చెబుతుంది. 1.6, 2.2 లేదా 3.9 మైక్రోమీటర్ల దగ్గర బిందువు పెద్దదయ్యేకొద్దీ పీల్చుకోవడం పెరుగుతుంది కాబట్టి అక్కడి ప్రకాశం బిందువుల పరిమాణాన్ని చెబుతుంది. ఈ జంట కొలత పద్ధతిని 1990లో నకజిమా, కింగ్ ఒక క్రమంలో పెట్టారు. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మోడిస్ పరికరం మేఘ కొలతలు కూడా ఇదే పునాది మీద నడిచాయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆప్టికల్ మందం 10, బిందువుల ప్రభావ వ్యాసార్ధం (ఒక రకమైన సగటు) 8 మైక్రోమీటర్లు అని వచ్చిందనుకోండి. బిందువులు పొర అంతటా ఒకే తీరుగా ఉన్నాయనుకుంటే, ఒక చదరపు మీటరు నేల మీద నిలువునా ఉన్న నీటి బరువు ఈ రెండింటి లబ్ధంలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 53 గ్రాములు. ఘనపు మీటరు పొగమంచులో 0.2 గ్రాముల నీరు ఉందని తీసుకుంటే పొర మందం దాదాపు 265 మీటర్లు అవుతుంది. అదే నీటి పరిమాణం, అదే వ్యాసార్ధంతో కాంతి క్షయాన్ని లెక్కిస్తే మీటరుకు సుమారు 0.0375 వస్తుంది. కాంతి క్షయం నుంచి దృశ్యమానతను ఇచ్చే కోష్మీడర్ సూత్రంలో 3.912ను దానితో భాగిస్తే దృశ్యమానత 104 మీటర్లు. విమానయానంలో వాడే ఐదు శాతం కాంతి ప్రమాణంతో చేస్తే 80 మీటర్లు.

చూడడానికి ఎంతో చక్కగా ఉన్న ఈ లెక్కలో ఆప్టికల్ మందం, వ్యాసార్ధం ఉపగ్రహం కొలిచినవి. 0.2 గ్రాములు అన్నది మాత్రం మనం ఊహించినది. పొగమంచులో ఆ విలువ ఘనపు మీటరుకు 0.05 నుంచి 0.5 గ్రాముల వరకు మారుతుంది. 0.05 పెట్టి చూడండి, మందం ఒక్కసారిగా కిలోమీటరు దాటుతుంది, దృశ్యమానత 400 మీటర్ల పైకి పోతుంది. 0.5 పెడితే మందం 107 మీటర్లకు, దృశ్యమానత 42 మీటర్లకు పడిపోతుంది. ఒకే ఉపగ్రహ కొలత నుంచి ఇన్ని సమాధానాలు వస్తున్నప్పుడు, దృశ్యమానతను మీటర్లలో అచ్చువేసిన పటాన్ని నేను నమ్మను. నిలువునా ఉన్న నీటి బరువు పటాన్ని మాత్రం నమ్ముతాను, ఎందుకంటే అందులో ఊహ పాలు చాలా తక్కువ. పొగమంచు ఎంతసేపటికి విడిపోతుందో అంచనా వేయడానికి కూడా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరారుణం

బిందుమానం గారి హెచ్చరికతో నేను ఏకీభవిస్తాను. అయితే నీటి పరిమాణం విషయంలో మనకు ఏ ఆధారమూ లేదన్న భావన కలగకూడదు. స్ట్రాటస్ మబ్బుల్లో గాలి పైకి లేస్తూ చల్లబడే తీరును బట్టి నీరు ఎత్తుతో పాటు ఎలా పెరుగుతుందో లెక్కించవచ్చు, ఆ ఊహతో మందం అంచనాలు బాగానే వస్తాయి. వికిరణ పొగమంచు దగ్గరే చిక్కు. అది గాలి పైకి లేచి చల్లబడటం వల్ల పుట్టలేదు, నేల చల్లబడటం వల్ల పుట్టింది. తొలి గంటల్లో దాని అడుగు భాగమే చిక్కగా ఉంటుంది. పొర ఎదిగి, పైభాగం నుంచి వికిరణం బయటికి పోవడం మొదలయ్యాకే లోపల కలయిక జరిగి స్ట్రాటస్‌ను పోలిన నిర్మాణం వస్తుంది. కాబట్టి అర్ధరాత్రి పొరకూ తెల్లవారుజాము పొరకూ ఒకే సూత్రం సరిపోదు.

పైభాగం ఎత్తు సంగతి ఇంకా కఠినం. మామూలు మబ్బుకు దాని ఉష్ణోగ్రతను వాతావరణ ఉష్ణోగ్రతా పటంతో పోల్చి ఎత్తు చెబుతాము. కిలోమీటరుకు 6.5 కెల్విన్‌ల తగ్గుదల ఉన్న గాలిలో ఒక్క కెల్విన్ పొరపాటు అంటే 150 మీటర్ల పొరపాటు. పొగమంచు మొత్తం మందమే అంత ఉండవచ్చు. పైగా పొగమంచు ఏర్పడే రాత్రుల్లో ఎత్తుకు పోయేకొద్దీ గాలి వెచ్చబడుతుంది, అప్పుడు ఒకే ఉష్ణోగ్రత రెండు వేర్వేరు ఎత్తుల్లో దొరుకుతుంది.

ఈ ఇబ్బందిని తప్పించుకునే ఒక దారి నాకు ఎప్పుడూ ఎంతో నచ్చుతుంది. లోయల్లో నిండిన పొగమంచు అంచు కొండవాలును ఒక గీతగా తాకుతుంది. ఆ గీత వెంట నేల ఎత్తును భూతల ఎత్తుల పటం నుంచి చదివితే, ఉష్ణోగ్రతతో పనిలేకుండా పొర పైభాగం ఎత్తు తెలిసిపోతుంది. యూరప్‌లో బెండిక్స్, సెర్మాక్ వంటి పరిశోధకులు పైభాగం ఎత్తు, నీటి బరువు, పొర అడుగు ఎత్తు అంచనాలను ఒకదానికొకటి జోడించి నేలను తాకిన పొరను వేరుచేసే పద్ధతులు రూపొందించారు. కొండలు చుట్టూ ఉన్న చోట ఇది హాయిగా పనిచేస్తుంది, విశాలమైన మైదానం మధ్యలో మాత్రం తాకే వాలు ఉండదు.

లైడార్ (లేజర్ కాంతితో కొలిచేది), రాడార్ ఉన్న ఉపగ్రహాల సంగతి అడుగుతారేమో. 2006లో కాలిప్సో, క్లౌడ్‌శాట్ రెండూ ఒకే రాకెట్ మీద వెళ్లాయి. క్లౌడ్‌శాట్ రాడార్‌కు నేల ప్రతిధ్వని అడ్డు వచ్చి అట్టడుగున ఉన్న సుమారు కిలోమీటరు పొర సరిగా కనిపించలేదు. కాలిప్సో లైడార్ పొగమంచు పైభాగాన్ని పదుల మీటర్ల సూక్ష్మతతో చూపగలిగింది గాని, మందమైన పొరను దాటి అడుగును చూడలేకపోయింది. అదీ ఉపగ్రహం సరిగ్గా దాటిన సన్నని గీత వెంట మాత్రమే. పద్ధతులను సరిచూసుకోవడానికి అవి అమూల్యమైనవి. రోజువారీ గస్తీకి మాత్రం భూస్థిర ఉపగ్రహాలే దిక్కు.

తీరరేఖ

ఎడారి తీరాల పొగమంచు మీద పనిచేసేవారి వైపు నుంచి రెండు సంగతులు చేర్చాలి.

మొదటిది ఇసుక. క్వార్ట్జ్ ఎక్కువగా ఉన్న పొడి ఇసుకకు 3.9 మైక్రోమీటర్ల దగ్గర ఉద్గారత తక్కువ, 10.8 దగ్గర దానికన్నా ఎక్కువ. అంటే చుక్క నీరు లేని ఇసుకదిబ్బ కూడా రాత్రంతా పొగమంచు సంకేతమే పంపుతుంది. దీనికి దేశమంతటికీ ఒకే హద్దు పెట్టడం మాని, ఒక్కో పిక్సెల్‌కు ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో ఎంత తేడా వస్తుందో ముందే దాచుకొని, ఈ రాత్రి తేడా దానికంటే ఎంత పెరిగిందన్నది చూడాలి. ఉదయరేఖ గారి పటాల్లో రాతినేలలు, ఇసుకనేలలు ఉంటే ఈ ఒక్క మార్పుతోనే చాలా తప్పుడు గుర్తింపులు పోతాయని నా నమ్మకం.

రెండవది ఆఫ్రికా నైరుతి తీరంలోని నమీబ్ ఎడారి అనుభవం. అక్కడ సముద్రం మీద పుట్టిన స్ట్రాటస్ పొర తీరం దాటి లోపలికి వస్తుంది. తీరం దగ్గర అది నేలకు పైన తేలే మబ్బు. లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది కాబట్టి, ఎత్తు మారని అదే పొర ఒకచోట నేలను తాకి పొగమంచు అవుతుంది. ఉపగ్రహం కంటికి ఈ రెండింటి మధ్య గీతే ఉండదు, నేల ఎత్తుల పటాన్ని కలిపి చూస్తేనే అది తెలుస్తుంది. 2018లో ఆండర్సన్, సెర్మాక్ సెవిరి కొలతల నుంచి ఉష్ణ పరారుణ ఛానళ్లను మాత్రమే వాడి, పగలూ రాత్రీ ఒకే తీరుగా నడిచే గుర్తింపు పద్ధతిని ఆ ప్రాంతానికి తయారు చేశారు. సూర్యకాంతి ప్రభావమున్న 3.9 ఛానల్‌ను పక్కన పెట్టడం వల్ల సూర్యోదయం దగ్గర తెగిపోయే దారం అక్కడ తెగదు. సంకేతం బలం తగ్గుతుంది, నిజమే. అయినా పొగమంచు ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోతుందన్న రోజువారీ క్రమాన్ని తెలుసుకోవాలంటే 24 గంటలూ ఒకే కొలబద్ద ఉండటం ముఖ్యం.

కోడ్‌గూడు

ఇన్ని హద్దులు, ఇన్ని సవరణలు చేతితో పెట్టుకునే బదులు అన్ని ఛానళ్లనూ, నేల ఎత్తులనూ, వాతావరణ నమూనా ఇచ్చే తేమనూ ఒక యంత్రాభ్యసన (మెషిన్ లెర్నింగ్) నమూనాకు ఇచ్చి, మెటార్ నివేదికలనే సరైన సమాధానాలుగా చూపి నేర్పించవచ్చు కదా? నేను చూసిన ప్రయోగాల్లో మామూలు హద్దు పద్ధతి కంటే ఫలితాలు మెరుగ్గానే వచ్చాయి.

నేలకేంద్రం

నేర్పించవచ్చు, కానీ పరీక్ష పెట్టే తీరులో జాగ్రత్త అవసరం. ఒకే రాత్రికి చెందిన పావుగంట పావుగంట చిత్రాలు ఒకదానికొకటి దాదాపు నకళ్లే. వాటిని కలగలిపి కొన్నింటిని నేర్పడానికి, మిగతావాటిని పరీక్షకు తీసుకుంటే నమూనా జవాబును ముందే చూసినట్టు అవుతుంది. ఒక చలికాలం మొత్తాన్ని పక్కన పెట్టి పరీక్షించండి. తర్వాత కొన్ని కేంద్రాలను పూర్తిగా దాచిపెట్టి మళ్లీ పరీక్షించండి. ఆ రెండవ పరీక్షలోనే అసలు సంగతి బయటపడుతుంది. కేంద్రం ఎక్కడుందో, నెల ఏదో, గంట ఎంతో తెలిస్తే చాలు, ఛానళ్లను చూడకుండానే జనవరి తెల్లవారుజామున పొగమంచు అని చెప్పి మంచి మార్కులు తెచ్చుకునే నమూనాలు ఉంటాయి. అలాంటిది సాధారణ శీతోష్ణస్థితిని వల్లె వేస్తున్నట్టే గాని ఉపగ్రహ చిత్రాన్ని చదువుతున్నట్టు కాదు.

పైగా శిక్షణకు వాడే కేంద్రాలన్నీ దాదాపు విమానాశ్రయాలే. అవి చదునైన, తెరిచి ఉన్న చోట్లలో ఉంటాయి. లోయలకూ నదీతీరాలకూ అక్కడ నేర్చిన పాఠం అలాగే వర్తిస్తుందని అనుకోలేము.

పరారుణం

కోడ్‌గూడు గారి సూచనలో నాకు విలువైనదిగా కనిపించేది వాతావరణ నమూనా తేమను కలపడం. అమెరికాలో గోస్-ఆర్ శ్రేణి ఉపగ్రహాల కోసం కాల్వర్ట్, పవలోనిస్ చేసిన పద్ధతి ఇలాంటిదే. ఉపగ్రహ సంకేతం పొర ఉందని చెబుతుంది, నేల దగ్గరి తేమ ఆ పొర కింది దాకా దిగి ఉండే అవకాశమెంతో చెబుతుంది. ఫలితం అవును, కాదు అన్న రంగుల్లో కాక, విమానయాన పరిమితుల కంటే పరిస్థితి దిగజారే సంభావ్యతగా వస్తుంది. పైనుంచి కనిపించని దాని గురించి చెప్పేటప్పుడు సంభావ్యతలో చెప్పడమే నిజాయితీ అని నా అభిప్రాయం. ఉదయరేఖ గారి మొదటి తేడాకు నేను సూచించే మందు కూడా ఇదే.

ఒక షరతు ఉంది. పై ఎత్తున పలుచని సిర్రస్ మబ్బు ఉంటే 3.9 ఛానల్‌లో కింది వెచ్చదనం ఎక్కువగా పైకి వచ్చి తేడా తలకిందులవుతుంది, కింద పొగమంచు ఉన్నా దాని సంకేతం చెరిగిపోతుంది. అక్కడ పటం 'లేదు' అని చెప్పకూడదు, 'చూడలేకపోయాను' అని చెప్పాలి. ఈ రెండింటినీ ఒకే రంగులో చూపే పటాలు ఇప్పటికీ ఉన్నాయి, అది ప్రమాదకరం. అతి చల్లని ప్రదేశాల్లో కూడా ఇదే జాగ్రత్త అవసరం: 240 కెల్విన్‌ల దగ్గర 3.9 వికిరణం 280 దగ్గర ఉన్నదానిలో తొమ్మిదో వంతే, కాబట్టి పరికరం కొలతలోని యాదృచ్ఛిక దోషం (నాయిస్) ఉష్ణోగ్రతలో చూస్తే ఆరేడు రెట్లు పెరిగి కనిపిస్తుంది. అక్కడ వచ్చే 2 కెల్విన్‌ల తేడాకు అర్థం ఉండకపోవచ్చు.

ఉదయరేఖ

'చూడలేకపోయాను' అన్న మూడవ వర్గం నా పటంలో లేదు, తప్పకుండా చేరుస్తాను. పగటి సంగతి ఒకటి అడగాలి. సూర్యోదయం తర్వాత కనిపించే కాంతి చిత్రానికి మారినప్పుడు, చల్లని ప్రాంతాల్లో నేల మీద పరుచుకున్న హిమం, పొగమంచు రెండూ తెల్లగానే ఉంటున్నాయి. వీటిని విడదీయడానికి ఏది నమ్మకమైన గుర్తు?

బిందుమానం

1.6 మైక్రోమీటర్ల ఛానల్. హిమం ఆ తరంగదైర్ఘ్యాన్ని గట్టిగా పీల్చుకొని నల్లగా కనిపిస్తుంది, నీటి బిందువుల పొర ప్రకాశవంతంగానే ఉంటుంది. భారత వాతావరణ ఉపగ్రహాలు ఇన్సాట్-3డీఆర్, ఇన్సాట్-3డీఎస్ ఇమేజర్లలో ఈ ఛానల్ కనిపించే కాంతి ఛానల్‌తో సమానంగా 1 కిలోమీటరు సూక్ష్మతతో ఉంది. ఉష్ణ ఛానళ్ల సూక్ష్మత 4 కిలోమీటర్లే. అంటే రాత్రి కంటే పగలు పొగమంచు అంచులు చాలా స్పష్టంగా గీయవచ్చు.

ఆ అంచులను శ్రద్ధగా చూడమని మనవి. పొగమంచు పైభాగం నునుపుగా, గీతలు లేకుండా ఉంటుంది, అంచు నది వంపులను, కొండల పాదాలను అనుసరిస్తుంది. వరుస చిత్రాల్లో అది సాధారణంగా అంచుల నుంచి లోపలికి కరుగుతుంది, ఎందుకంటే పలుచని అంచు దగ్గర సూర్యకాంతి నేలను చేరి వేడిచేస్తుంది; ఎక్కువ ప్రకాశంగా కనిపించే చోట నీటి బరువు ఎక్కువ కాబట్టి అది చివరికి మిగులుతుంది. గంగా మైదానంలో చలికాలపు పొగమంచు పంజాబ్ నుంచి బెంగాల్ వైపు పరుచుకున్న రోజుల్లో ఢిల్లీ మీద మాత్రం దానిలో రంధ్రం పడినట్టు కనిపించడాన్ని గౌతమ్, సింగ్ 2018లో ఉపగ్రహ చిత్రాలతో చూపారు. నగరపు వేడి పొరను కింది నుంచి పలుచబరుస్తుంది. అలాంటి చోట మీ పటంలో ఖాళీ వస్తే దాన్ని లోపంగా భావించి పూరించకండి.

తీరరేఖ

దీర్ఘకాలపు లెక్కల్లో ఈ పటాల విలువ గురించి కూడా ఒక మాట. కాలిఫోర్నియా మధ్యలోయలో తూలె అని పిలిచే చలికాలపు పొగమంచు 32 చలికాలాల్లో సగటున 46 శాతం తగ్గిందని 2014లో బాల్డోకీ, వాలర్ ఏవీహెచ్ఆర్ఆర్, మోడిస్ చిత్రాల ఆధారంగా చూపారు. చెట్లకు చలికాలపు విశ్రాంతి ఎంత దొరుకుతుందన్నది ఆ పొగమంచు మీద కొంత ఆధారపడి ఉంటుంది కాబట్టి పండ్లతోటల రైతులకు అది పెద్ద వార్త. అంత పొడవైన లెక్కలో పరికరాలు మారుతూ వస్తాయి. కాబట్టి ఉదయరేఖ గారూ, మీరు హద్దు విలువ మార్చిన ప్రతిసారీ పాత పటాలనూ కొత్త హద్దుతో మళ్లీ తయారు చేసి పెట్టుకోండి. లేకపోతే పద్ధతిలో వచ్చిన మార్పు ప్రకృతిలో వచ్చిన మార్పుగా కనిపిస్తుంది.

ఉదయరేఖ

చేయబోయేది ఇది. ఒక్కో పిక్సెల్‌కు నిర్మల రాత్రుల తేడాను ముందు లెక్కగడతాను. తుది పటంలో సంభావ్యతను, పైమబ్బు అడ్డువచ్చిన చోట విడి రంగును చూపుతాను. సూర్యోదయపు ఖాళీకి ఉష్ణ ఛానళ్లతోనే నడిచే రెండవ గుర్తింపును సమాంతరంగా పెడతాను. మీటర్లలో దృశ్యమానత పటం ఆలోచనను మానుకున్నాను, బదులుగా పగటివేళ నీటి బరువును చూపుతాను. చివరిగా, పటం మంచిదో కాదో తేల్చడానికి గుర్తింపు శాతం, తప్పుడు హెచ్చరిక శాతం చాలునా?

నేలకేంద్రం

అవి అవసరమే, కానీ చాలవు. రాత్రి పది గంటల నుంచి ఉదయం తొమ్మిది దాకా నిలిచిన పొగమంచులో మధ్య గంటలన్నీ ఏ పద్ధతయినా పట్టుకుంటుంది, అందుకే శాతాలు ఘనంగా వస్తాయి. విధుల్లో ఉన్న సూచకుడికి కావలసినవి మొదటి గంట, చివరి గంట. ప్రతి సంఘటనకూ మెటార్‌లో దృశ్యమానత 1000 మీటర్ల కిందికి వచ్చిన సమయాన్ని, మీ పటంలో ఆ పిక్సెల్ మొదట రంగు మారిన సమయాన్ని పక్కపక్కన రాసి ఆలస్యాన్ని నిమిషాల్లో లెక్కించండి. విడిపోయే వేళకూ అదే చేయండి. ఆరంభంలో పొర పలుచగా ఉంటుంది కాబట్టి మీ పటం ఆలస్యంగా మేల్కొంటుందని, చివర్లో పొర నేలను వదిలి స్ట్రాటస్‌గా పైకి లేచాక కూడా పొగమంచనే చెబుతుందని నా అంచనా. ఈ రెండు ఆలస్యాల పట్టికను ఇక్కడ పెడితే, ఏ కేంద్రంలో తేమ సమాచారం సాయపడుతోందో, ఎక్కడ పడడం లేదో అందరమూ కలిసి చూడవచ్చు.